తొలి పన్నెండు వారాలు: పిండం ఎదుగుదల, తల్లి తిండి

గర్భం లెక్క గర్భం రాకముందే మొదలవుతుంది. చివరి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెట్టడం వైద్యుల ఆనవాయితీ. అండం విడుదలైన రోజు, అది ఫలదీకరణ చెందిన ఘడియ ఎవరికీ తెలియవు. నెలసరి తేదీ మాత్రం ఆడవాళ్ళకు గుర్తుంటుంది. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుందన్న సూత్రం 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం వేసే లెక్క నేటికీ అదే. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. ఇందులో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ ఉండదు. స్కానింగ్ రిపోర్టులో ఆరో వారం అని రాసి ఉంటే పిండం వయసు నాలుగు వారాలే. ఈ సంగతి తెలియక, పెళ్ళయి మూడు వారాలైనా కాలేదు, ఐదో వారమేమిటని ముక్కున వేలేసుకున్న అత్తగార్లు లేకపోలేదు.

తిండి విషయంలో ఈ లెక్కకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. నెల తప్పిందని తెలిసి, పరీక్ష చేసుకుని, పుట్టింటికి ఫోను చేసి, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చాలామందికి ఏడో వారమో ఎనిమిదో వారమో వచ్చేస్తుంది. పిండంలో జరగాల్సిన అతి సున్నితమైన పనుల్లో కొన్ని అప్పటికే ముగిసిపోయి ఉంటాయి.

అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, అండవాహిక వెలుపలి భాగంలో. అక్కడ ఏర్పడిన ఒక్క కణం సుమారు 30 గంటలకు రెండుగా చీలుతుంది. మూడు నాలుగు రోజులకు 16 కణాల ముద్ద అవుతుంది. ఐదో రోజుకు లోపల నీటి తిత్తి ఉన్న చిన్న బుడగగా మారి గర్భసంచిలోకి దిగుతుంది. కణాల సంఖ్య పెరుగుతుందే గానీ మొత్తం పరిమాణం దాదాపు అండమంతే ఉంటుంది. ఆరో రోజు తర్వాత అది గర్భసంచి లోపలి పొరను పట్టుకుని అందులోకి చొచ్చుకుపోతుంది. వెలుపలి కణాలు మాయగా ఎదగడం మొదలుపెడతాయి, లోపలి కణాలు పిండమవుతాయి. మాయ కణాలు విడుదల చేసే హెచ్‌సీజీ హార్మోను తల్లి రక్తంలోకి, మూత్రంలోకి చేరుతుంది. మందుల షాపులో దొరికే పట్టీ మీద రెండో గీత కనిపించేది దాని వల్లనే. తొలి వారాల్లో ఈ హార్మోను రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. నెల తప్పిన రోజునే పట్టీ చూస్తే గీత రాకపోవడం, వారం తర్వాత ముదురుగా రావడం అందుకే.

మూడో వారంలో (ఈ భాగంలో ఫలదీకరణ తర్వాతి రోజుల లెక్క) పిండం మూడు పొరల పలుచని బిళ్ళలా ఉంటుంది. పై పొర నుంచి చర్మం, మెదడు, నరాలు. నడిమి పొర నుంచి ఎముకలు, కండరాలు, గుండె, రక్తం. అడుగు పొర నుంచి జీర్ణాశయం, ఊపిరితిత్తుల లోపలి పొరలు ఏర్పడతాయి. గుండె 22వ రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికది నాలుగు గదుల గుండె కాదు, వంపు తిరుగుతున్న గొట్టం మాత్రమే.

అదే వారంలో వీపు వైపు పై పొర మధ్యలో గాడి పడుతుంది. గాడి అంచులు రెండూ పైకి లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, కజ్జికాయ అంచులు నొక్కినట్టు అతుక్కుంటాయి. ఈ అతుకు మెడ భాగంలో మొదలై పైకీ కిందికీ సాగుతుంది. తల వైపు ద్వారం సుమారు 25వ రోజుకు, నడుము వైపు ద్వారం 27, 28 రోజులకు మూసుకుంటాయి. ఇలా ఏర్పడిన నాడీనాళమే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. పై ద్వారం మూసుకోకపోతే పుర్రె పైభాగం, మెదడులో ఎక్కువ భాగం ఏర్పడవు, అలాంటి బిడ్డ బతకదు. కింది ద్వారం మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకుని పుడుతుంది. ఆ బిడ్డకు కాళ్ళ చచ్చుదనం, మూత్రం అదుపులో లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి ఇబ్బందులు జీవితాంతం వెంటాడవచ్చు. వైద్యుల లెక్కలో ఇది ఆరో వారం. నెల తప్పి రెండు వారాలు.

ఈ అతుకు సరిగా పడాలంటే కణాలు విపరీతమైన వేగంతో చీలాలి. ప్రతి చీలికకూ కొత్త డీఎన్‌ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. దాని కథ బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైంది.

లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చారు. మిల్లు కార్మికులైన గర్భిణులలో ప్రాణాంతకంగా మారుతున్న ఒక రక్తహీనత ఆమెను ఇక్కడికి రప్పించింది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఎర్ర కణాలు చిన్నవవుతాయి. ఈ స్త్రీలలో మాత్రం అవి పెద్దవిగా, లేతగా ఉండేవి. ఆమె వాళ్ళ ఇళ్ళలో తిండి పరిశీలించారు. పాలు, కూరగాయలు, మాంసం దాదాపు లేని ఆహారం అది. కొన్నాళ్ళు నీలగిరుల్లోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ నడుపుతున్న పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఎలుకలు, కోతుల మీద ప్రయోగాల తర్వాత ఆమెకు దారి చూపింది మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టు నుంచి చేసే, ఇంగ్లండులో రొట్టెకు రాసుకునే నల్లటి ముద్ద అది. దాన్ని తిన్న గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

1941లో టెక్సాస్ పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దాన్ని పాలకూరతో పని లేకుండా ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో 1945లో ఈ పని పూర్తయింది. సుబ్బారావు సోదరులను బలితీసుకున్న స్ప్రూ వ్యాధిలోనూ పేగులు ఫోలేట్‌ను పీల్చుకోలేవు. ఆయనా యువకుడిగా ఉండగా అదే జబ్బున పడి లేచినవారే. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్‌ను కూడా తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడారు. గర్భిణులకు ఇస్తే గర్భం పోవడమో, బిడ్డకు అవకరాలు రావడమో జరుగుతుందని 1950ల తొలినాళ్ళలో తేలింది. ఫోలేట్ పిండానికి ఎంత అవసరమో అలా తలకిందుల దారిలో కూడా రుజువైంది.

నాడీనాళ లోపాలకూ ఫోలేట్‌కూ సంబంధం ఉండవచ్చని 1965లో లివర్‌పూల్ వైద్యులు హిబ్బార్డ్, స్మిథెల్స్ అనుమానించారు. అనుమానం తీరడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలతో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. గర్భం రాకముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవాళ్ళలో మళ్ళీ అలాంటి బిడ్డ పుట్టే ముప్పు 72 శాతం తగ్గింది. మామూలు స్త్రీలకు 400 మైక్రోగ్రాములు చాలు. అయితే అది గర్భం కోసం ప్రయత్నించే నెలల్లోనే, కనీసం నెల రోజుల ముందు నుంచి, మొదలవ్వాలి. మూడో నెలలో అందిన బిళ్ళ రక్తానికి పనికొస్తుంది. మూసుకోవాల్సిన నాళానికి మాత్రం అప్పటికే ఆలస్యం. అలాంటి బిడ్డను ఇదివరకు కన్నవాళ్ళు, మూర్ఛ మందులు వాడుతున్నవాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు ఎంత మోతాదు వాడాలో డాక్టరును ముందే అడిగి తెలుసుకోవాలి.

వైద్యుల లెక్కలో ఆరో వారం తర్వాత (ఇక మీదట వారాలన్నీ ఆ లెక్కవే) పనులు ఇంకా వేగం అందుకుంటాయి. చేతుల మొగ్గలు, కాళ్ళ మొగ్గలు పొడుచుకొస్తాయి. పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మత్తుబిళ్ళ వేవిళ్ళకు కూడా పనికొస్తుందని వాడారు. ఫలదీకరణ తర్వాత 20 నుంచి 36 రోజుల మధ్య దాన్ని మింగిన తల్లులకు చేతులు లేని, కాళ్ళు లేని బిడ్డలు పుట్టారు. ఆ గడువు దాటాక వాడినవాళ్ళ బిడ్డలు చాలావరకు తప్పించుకున్నారు. 1961 నవంబరులో జర్మనీ మార్కెట్ నుంచి దాన్ని తీసేసేలోపు ప్రపంచవ్యాప్తంగా వేలాది మంది బలయ్యారు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు నేటి కాలపు అలాంటి ప్రమాదం. అవి వాడే అమ్మాయిలు, వాడటం ఆపిన నెల దాకా కూడా, గర్భం ధరించకూడదు.

ఎనిమిదో వారానికి పిండం పొడవు తల నుంచి పిరుదుల దాకా సుమారు 16 మిల్లీమీటర్లు. ఫోనుల్లోని యాప్‌లు వారానికో పండు బొమ్మ చూపిస్తాయి గానీ, మన సంతలో దొరకని బ్లూబెర్రీ కంటే మిల్లీమీటర్లే నయం. పేగులు పొట్టలో పట్టనంత వేగంగా పెరిగి, కొన్నాళ్ళు బొడ్డుతాడు మొదట్లోకి జరిగి, అక్కడే మెలిక తిరిగి, 12వ వారానికల్లా లోపలికి వెనక్కి వస్తాయి. స్కానింగులో ఇది చూసి కంగారుపడాల్సిన పని లేదు. పదో వారం దాటాక ప్రధాన అవయవాలన్నీ రూపుదిద్దుకుని, మిగిలింది ఎదుగుదల, మెరుగులు దిద్దుకోవడం. 12వ వారానికి పొడవు ఐదు ఆరు సెంటీమీటర్లు, బరువు 14 గ్రాముల ప్రాంతం.

పద్నాలుగు గ్రాములు. ఇద్దరి కోసం తినమని మూడో నెల కోడలికి రెండో గరిటె అన్నం వడ్డించేవారు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. తొలి మూడు నెలల్లో తల్లి రక్తం మాయలోకి ధారగా ప్రవహించదు. మాయ కణాలే రక్తనాళాల మూతులను కొంతకాలం బిరడాల్లా మూసి ఉంచుతాయి. గర్భసంచి గ్రంథులు ఊరించే స్రావమే పిండానికి అప్పటి ఆహారం. 10, 12 వారాల మధ్య బిరడాలు తొలగి తల్లి రక్తప్రవాహం పూర్తిగా మొదలవుతుంది. ఎదుగుతున్న లేత కణాలకు మితిమీరిన ఆక్సిజన్ తగలకుండా చేసిన ఏర్పాటు ఇదని పరిశోధకులు భావిస్తారు. భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాలు గర్భిణికి అదనంగా రోజుకు 350 కిలోకాలరీలు సూచిస్తాయి, అదీ నాలుగో నెల నుంచే. అదనపు మాంసకృత్తులు రెండో త్రైమాసికంలో 9.5 గ్రాములు, మూడో దానిలో 22 గ్రాములు. మొదటి మూడు నెలల్లో తల్లి బరువు ఒకటి రెండు కిలోలు పెరిగినా చాలు, వేవిళ్ళ వల్ల కిలో తగ్గినా బెంగ అక్కర్లేదు.

అలాగని తొలి నెలల తిండి ఎలా ఉన్నా ఫరవాలేదని కాదు. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో మాడింది. ఆ కొద్ది నెలల కరువు తొలి త్రైమాసికంలో తాకిన తల్లులు తర్వాతి నెలల్లో కడుపునిండా తిన్నారు, బిడ్డలు మామూలు బరువుతోనే పుట్టారు. ఆ బిడ్డలకు యాభై ఏళ్ళు వచ్చాక పరీక్షిస్తే గుండె జబ్బులు, రక్తంలో కొవ్వుల తేడాలు మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. పుట్టినప్పటి బరువు అంతా చెప్పదని డాక్టర్లు అనడానికి ఇదో ఆధారం.

ఇక వేవిళ్ళు. ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, చాలామందికి పద్నాలుగో వారంకల్లా సద్దుమణుగుతాయి. పది మందిలో ఏడుగురికి ఎంతో కొంత తప్పదు. పొద్దున మాత్రమే వస్తాయన్నది ఉత్తమాట. పోపు వాసనకు, అన్నం వార్పుకు, పక్కింట్లో వేగే చేపలకు ఎప్పుడైనా రావచ్చు. హెచ్‌సీజీయే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2023 డిసెంబరులో మార్లెనా ఫెయ్‌జో, స్టీఫెన్ ఓరహిల్లీ తదితరులు ప్రచురించిన పరిశోధన జీడీఎఫ్15 అనే హార్మోను మీదికి వేలు చూపింది. మాయ, పిండం దాన్ని పెద్దఎత్తున విడుదల చేస్తాయి. గర్భానికి ముందు రక్తంలో అది తక్కువగా ఉన్న స్త్రీలు ఒక్కసారిగా పెరిగిన మోతాదుకు తట్టుకోలేరు. తలసీమియా ఉండి ముందునుంచీ జీడీఎఫ్15 ఎక్కువగా ఉన్నవాళ్ళకు వేవిళ్ళు అరుదు. దీన్నిబట్టి అంతా సుకుమారమని, నాటకమని కోడళ్ళను ఆడిపోసుకున్నవాళ్ళు కాస్త పునరాలోచించుకోవచ్చు.

ఈ వారాల్లో ఏది లోపల నిలిస్తే అదే మంచి ఆహారం. మంచం దిగేముందు గుప్పెడు మరమరాలో, పొడి అటుకులో, ఒక రస్కో నమలడం. రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తినడం. అన్నం తింటూ నీళ్ళు తాగకుండా మధ్యమధ్యలో తాగడం. నిమ్మకాయ మజ్జిగ, అల్లం ముక్క, వేడి తగ్గిన చారన్నం. పెరుగన్నంలో ఊరగాయ బద్ద నంజుకుంటే గానీ ముద్ద దిగని వారు దాన్నే తినవచ్చు. ఆకుకూరల గురించి ఉపన్యాసాలు ఆ నెల ఆగవచ్చు. ఫోలిక్ బిళ్ళ మాత్రం ఆపకూడదు. పొద్దున వాంతి అవుతుంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. మంచినీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, శరీర బరువులో ఇరవయ్యో వంతు తగ్గినా ఇంట్లో ఓర్చుకోవడం తప్పు. సెలైన్, మందులు అవసరమయ్యే జబ్బు అది.

కొందరికి పుల్లమామిడి మీద కాక బలపాల మీద, పుట్టమన్ను మీద, పచ్చి బియ్యం మీద మనసుపోతుంది. కాళిదాసు రఘువంశంలో గర్భిణి అయిన రాణి సుదక్షిణ మన్ను తింటుంది, భర్త దిలీపుడు ఆమె ముఖంలోని మట్టివాసన పసిగడతాడు. కావ్యంలో అది కాబోయే చక్రవర్తికి భూమి మీద మక్కువ. ఆసుపత్రిలో అది చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తు. బలపాలు తినే గర్భిణిని తిట్టడం కంటే ఆమె హిమోగ్లోబిన్ చూడటం మేలు. మట్టితో నులిపురుగుల గుడ్లు, సీసం వంటివి లోపలికి పోతాయి కాబట్టి మాన్పించడం కూడా అవసరమే.

రక్తం తక్కువగా ఉందన్న మాట తెలుగు ఇళ్ళలో ఎంత మామూలైందంటే అది జబ్బని ఎవరికీ అనిపించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ సగం దాటినవే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. గర్భం మొత్తానికి అదనంగా సుమారు ఒక గ్రాము ఇనుము కావాలి. మన అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో ఒంటబట్టేది పదో వంతు కూడా ఉండదు. గోంగూర పప్పు తిన్న వెంటనే స్టీలు గ్లాసుడు కాఫీ తాగితే ఆ కాస్తా తగ్గిపోతుంది. అదే ముద్దకు నిమ్మకాయ పిండినా, ఉసిరికాయ పచ్చడి కలిపినా విటమిన్ సి ఇనుమును ఒంట్లోకి తోడ్కొని పోతుంది. కాఫీ, టీ భోజనానికి గంట అటూ ఇటూ జరిపితే చాలు, మానేయనక్కర్లేదు. మొత్తం కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది చాలా దేశాల సలహా. చిక్కటి ఫిల్టర్ కాఫీ రెండు కప్పులకు మించకుండా చూసుకుంటే సరి.

ప్రభుత్వ పద్ధతిలో మొదటి మూడు నెలలు ఫోలిక్ బిళ్ళ మాత్రమే ఇస్తారు. నాలుగో నెల నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్ర బిళ్ళ రోజుకొకటి చొప్పున 180 రోజులు. కాల్షియం బిళ్ళ, ఇనుము బిళ్ళ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. నల్లటి విరేచనం, కాస్త మలబద్ధకం చూసి బిళ్ళలు బీరువాలో దాచేసేవారు చాలామంది. విరేచనం నల్లగా అవ్వడం మామూలే.

పళ్ళెం సంగతికొస్తే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చాన్నాళ్ళుగా చెప్పేది ఒకటే: అన్నం తగ్గించి దాని చుట్టూ ఉన్నవి పెంచండి. లూసీ విల్స్ పనిచేసిన కూనూరు పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి ఈ సంస్థ అయింది. సగటు తెలుగు భోజనంలో అన్నం కొండంత, పప్పు పలచన, కూర రెండు చెంచాలు. గర్భిణికి కావలసింది గట్టి ముద్దపప్పు, గిన్నెడు కూర, గుడ్డు లేదా చేప, పెరుగు, ఒక పండు. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు, వేరుసెనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. ఆకుకూర ఉడికించి నీళ్ళు వార్చి పారబోస్తే అది నీళ్ళతోపాటే పోతుంది. పప్పులో వేసి వండితే చాలావరకు మిగులుతుంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పాలు గిట్టని వారికి రాగిజావ, మునగాకు, నువ్వులు దిక్కు.

మాంసం, గుడ్డు, పాలు తక్కువగా తినేవారికి బి12 లోపం వచ్చే అవకాశం ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే పోస్తే సరిపోదని పుణె చుట్టుపక్కల గ్రామాల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపింది. ఫోలేట్ ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ళకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు కనిపించాయి. ముంబయి మురికివాడల్లో ఇంకో ప్రయత్నం జరిగింది. ఆకుకూరలు, పండ్లు, పాలతో సమోసాల వంటి చిరుతిళ్ళు చేసి, గర్భం రాకముందు నుంచే స్త్రీలకు రోజూ పెట్టారు. మొత్తం మీద పిల్లల పుట్టుక బరువులో పెద్ద తేడా రాలేదు. గర్భానికి మూడు నెలల ముందు నుంచి తిన్నవాళ్ళ పిల్లలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు, గర్భకాలపు మధుమేహం దాదాపు సగానికి తగ్గింది. ఇక్కడా గెలిచింది ముందుగా మొదలుపెట్టడమే.

అయోడిన్ గురించి తక్కువ మాట్లాడుకుంటారు. పిండం థైరాయిడ్ గ్రంథి 12వ వారం దాకా హార్మోను తయారుచేయదు. అప్పటిదాకా మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈమధ్య ప్రకృతి ఆహారం పేరుతో వంటింట్లోకి వచ్చిన సైంధవ లవణంలో చాలావరకు అయోడిన్ కలిపి ఉండదు. గర్భం ఆలోచన ఉన్న ఇంట్లో అయోడిన్ కలిపిన మామూలు ఉప్పే నయం.

వద్దన్నవాటి జాబితా పెద్దమ్మలది ఒకటి, డాక్టర్లది ఒకటి. రెండూ కలిసేచోటు పచ్చి బొప్పాయి. దాని పాలలోని పదార్థం ఎలుకల గర్భసంచి కండరాన్ని ముడుచుకునేలా చేసిందని 2002లో వచ్చిన ప్రయోగం చెబుతుంది. అదే ప్రయోగంలో బాగా పండిన బొప్పాయి రసం అలా చేయలేదు. నువ్వులు వేడి చేసి గర్భం పోతుందన్నదానికి ఆధారం లేదు. చలిమిడిలో నువ్వులు కలిపి, మూడో నెలలో పుట్టింటివారు గుట్టుగా తెచ్చి దొంగ చలిమిడి అంటూ పెట్టే ఊళ్ళోనే నువ్వులుండలు వద్దనడం విచిత్రం. కుంకుమపువ్వు బిడ్డ రంగు మార్చదు, జంట అరటిపండు కవలలను ఇవ్వదు. గ్రహణం మొర్రి భయంతో ఐదో నెల గర్భిణిని నీళ్ళు కూడా తాగనివ్వకుండా చీకటి గదిలో కూర్చోబెడతారు. పై పెదవి అతుక్కోవడం మూడో నెల నిండకముందే పూర్తయిపోతుంది.

తెలిసిన గర్భాల్లో పదింట ఒకటి రెండు తొలి నెలల్లో నిలవవు. వాటిలో సుమారు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్లనే. ఆమె తిన్న పైనాపిల్ ముక్కనో, ఎక్కిన ఆటోనో దానికి బాధ్యురాలిని చేసి నెలల తరబడి దెప్పడం వైద్యశాస్త్రం ఒప్పని శిక్ష.

డాక్టర్ల జాబితాలో నిజంగా పట్టించుకోవాల్సినవి కొన్నే. కల్లు చలవ అనుకునేవారికి కూడా అది ఆల్కహాలే. సురక్షితమైన మోతాదు అంటూ లేదు. రక్తం పట్టాలని తరచుగా కాలేయం వండిపెట్టడం తొలి నెలల్లో మానాలి. వంద గ్రాముల కాలేయంలో ఉండే విటమిన్ ఎ, పిండానికి హాని చేయగల రోజువారీ హద్దును దాటేస్తుంది. సరిగా ఉడకని మాంసం, కాచని పాలు వద్దు. సొరచేప వంటి పెద్ద చేపల్లో పాదరసం పోగవుతుంది. కోస్తాలో బాలింతకు పెట్టే సొరపిట్టు గర్భిణికి తగదు. చిన్న సముద్రపు చేపలు, చెరువు చేపలు హాయిగా తినవచ్చు.

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీలోనే గర్భిణికి ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ పోషణ పేరుతో 2020 నుంచి ఇలాంటి ఏర్పాటే నడిచింది. ఇవన్నీ పేరు నమోదయ్యాక అందేవి. నమోదుకు ముందున్న వారాలకు సర్కారు దగ్గర ఉన్నవి రెండు. ఒకటి, పెళ్ళీడు స్త్రీలకు వారానికొకటి ఇచ్చే ఇనుము బిళ్ళ. అందులో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారపు మోతాదుగా సూచించేది 2,800. రెండోది, రేషన్ షాపుల్లో ఇస్తున్న పోషక బియ్యం. నూటికొక గింజగా కలిపే, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్ళు ఎన్నో. ఏరకుండా వండుకున్నా, నిర్దేశిత ప్రమాణం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. రోజుకు పావుకిలో బియ్యం తింటే పాతిక ముప్పై దాటదు. అమెరికా 1998 నుంచి పిండిలో తప్పనిసరిగా ఫోలిక్ ఆమ్లం కలుపుతోంది, అక్కడ నాడీనాళ లోపాలు పావువంతుకు పైగా తగ్గాయి. మిల్లులో ఆడించని బియ్యం, ఇంటి పక్క మరలో పట్టించిన పిండి తినే ఊళ్ళకు ఆ దారి పనికిరాదు కాబట్టి, దక్షిణ భారతంలోని నాలుగు గ్రామాల్లో పరిశోధకులు ఫోలిక్ ఆమ్లాన్ని అయోడిన్ ఉప్పులోనే కలిపి చూశారు. 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగు నెలలు ఆ ఉప్పు వాడిన స్త్రీల రక్తంలో ఫోలేట్ మూడు రెట్లకు పైగా పెరిగింది.